ఆరో బారకు తల ఎత్తిన మనిషి

వెన్నుపట్టీ బిగించుకుని నూకరత్నం కొలనులోకి దిగింది. ఎదుటి గోడమీద పన్నెండు తెరలు వెలిగాయి. పన్నెండు ఊళ్లలో పన్నెండుమంది ఆడపిల్లలు అవే పట్టీలు కట్టుకుని నీళ్లలో నిలబడి ఉన్నారు. ఆవిడ చెయ్యి లేస్తే వాళ్ల చేతులూ లేవాలి. ఆవిడ రెండు ఒలింపిక్ బంగారు పతకాల ఈత రోజూ ఇలా ముద్రధారగా వాళ్ల ఒంట్లోకి దిగుతుంది. ధార తెగితే పట్టీలన్నీ వదులైపోతాయి. ఏడేళ్లలో ఒక్కసారీ తెగలేదు.

నిజానికి ఆవిడ గెలిచిన ఈత ఇది కాదు. భీమిలి సముద్రంలో పెరిగిన మనిషి, ప్రతి ఆరో బారకూ తల ఎత్తి ముందుకు చూసేది. "అలను సూడకుండా ఈదినోడు ఒడ్డుకి రాడే" అని అయ్య నేర్పాడు. కొలనులో అలలేమిటని లోకం నవ్వింది. నవ్వినవాళ్ల కళ్లముందే రెండుసార్లు గెలిచింది. ఆవిడ పోటీలు మానగానే ఈత సమాఖ్య ఆవిడ ఈతను ముద్రగా తీసుకుని, ఆ తల ఎత్తడాన్ని అందులోంచి చెరిపేసింది. ఇప్పుడు ఎత్తబోతే పట్టీ మెడ వంచేస్తుంది. తన ఒంట్లో తన మాట చెల్లదు. తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతుంది.

మూడో తెరలో బారువ ఊరి పిల్ల పైడితల్లి భుజం పట్టుకుని, అక్కను పిలిచినట్టు పిలిచింది. "అప్పా, నిన్నట్నించీ ఒకటే సలుపు. సెయ్యి లేవట్లేదు."

ఈ నెలలో భుజం పోయిన మూడో పిల్ల. తల ఎత్తిన ఆ ఒక్క క్షణమే భుజానికి విశ్రాంతి అని నూకరత్నానికి తెలుసు.

గట్టుమీద కూర్చున్న సమాఖ్య పర్యవేక్షకుడు సుధాంశు వైపు తిరిగింది. "ఆ తల ఎత్తడం మళ్లీ పెట్టండి బాబూ. పిల్లల బుజాలు పోతన్నాయి."

"అది దోషం మేడమ్. టైము పోతుంది. ఈ అమ్మాయి కాకపోతే ఇంకో అమ్మాయి."

"గెలిచింది నాను."

"గెలిచింది మీరే. ముద్ర సమాఖ్యది." అతను తల కూడా ఎత్తలేదు.

పిల్లలంటే వీడికి అరిగితే మార్చుకునే చెప్పులు. నూకరత్నం పళ్లు కొరుక్కుంది.

ఈల మోగింది. ఒకటి, రెండు, మూడు బారలు. మూడో తెరలో పైడితల్లి ముఖం వంకర్లు పోతోంది, పట్టీ లాగుతుంటే చెయ్యి మాత్రం లేస్తూనే ఉంది. ఆరో బారకు పట్టీ నూకరత్నం మెడను నీళ్లలోకి నొక్కింది. ఆవిడ ఆగిపోయింది. కొలను నడుమ తాడు పట్టుకుని, పట్టీ ఊడబెరికింది. పన్నెండు తెరల్లోనూ పట్టీలు వదులయ్యాయి.

సుధాంశు లేచి నిలబడ్డాడు. "ధార తెంపేశారు. ఇక రికార్డుల్లో మీ పేరు ఉండదు. ఒప్పందంలో సంతకం పెట్టారు."

"సెరుపుకోండి. మెడే వంచీసినారు, ఇంక పేరెంత." పట్టీకున్న మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "అమ్మలూ, ఎవుల ఈత ఆళ్లు ఈదండి. నొప్పెడితే ఆగిపోండి."

పైడితల్లి భుజం పట్టుకుని మెట్లెక్కి బయటికి వెళ్లిపోయింది. మిగతా పదకొండుమందీ ఈదడం మొదలుపెట్టారు. ఏ ఇద్దరి చేతులూ ఒకేసారి లేవలేదు.