వెనకగది గోడలో కన్నం

ఆ వీధి చివరింటి వెనకగదికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఏముంది? నాలుగు గోడలు, ఒక కిటికీ, గోడకు బిగించిన పాత గ్యాస్ హీటరు. అంతే. చీకటిపడి చలిగాలి లేస్తేనే అసలు సంగతి. గోడలోంచి ఎవరో పిలిచినట్టు సన్నగా... "ఊఁ... ఊఁ..." అని. అద్దెకొచ్చినవాళ్ళెవరూ రెండో చలికాలం చూడలేదు. ఎప్పుడో ఆ గదిలో ఒక తల్లీ పిల్లా ఒకే రాత్రి నిద్రలోనే పోయారనీ, ఆ తల్లి ఇంకా పిల్లను లేపుతూనే ఉందనీ చెప్పుకునేవారు.

అలాంటి ఇంటిని రిపేరు బావ కొన్నాడు.

ఫోటోలకు ఫ్రేములు కట్టడం ఆయన పని. బంధుత్వంతో సంబంధం లేకుండా వీధి మొత్తానికీ బావే. పనివాణ్ణి పిలవడమంటే ఆయనకు తల తీసేసినట్టుంటుంది. కుళాయి కారినా, తలుపు కిర్రుమన్నా చొక్కా చేతులు మడిచేవాడు.

"మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుంటే, ఇంట్లో బాగున్నవి కూడా వణికిపోతాయి" అనేది ఆయన భార్య. ఆవిడ ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు.

ఈసారి మాత్రం ఆవిడ నవ్వలేదు. ముందుగది నేల బావే తవ్విపోశాడు కాబట్టి ముగ్గురూ వెనకగదిలోనే పడుకోవాలి. మూడో రాత్రి వాళ్ళ ఏడేళ్ళ కూతురు — ఇంట్లో పిచ్చుక అంటారు — లేచి కూర్చుంది.

"నాన్నా... గోడలో ఎవరో పిలుస్తున్నారు."

తెల్లారగానే పిల్లను అమ్మమ్మగారింట్లో దింపేశారు.

"ఆదివారంలోగా ఆ గది సంగతి తేల్చండి" అంది భార్య. "లేదంటే నేనూ మా అమ్మ దగ్గరికే. మీరూ, మీ గోడలూ కాపురం చేసుకోండి."

పడుకునేముందు పిచ్చుక కబుర్లు వినకపోతే బావకు నిద్రే పట్టదు. ఆ రాత్రే స్టూలెక్కి, గోడకు చెవి ఆనించి, అంగుళం అంగుళం వెతికాడు. పైకప్పు కింద, దుమ్ముపట్టిన జాలీ వెనక — పిడికిలంత కన్నం. అవతల ఖాళీ స్థలం. గాలి అందులోంచి దూరినప్పుడల్లా "ఊఁ..."

బావ పగలబడి నవ్వాడు. "దెయ్యం దొరికిందే!" అని నిద్రపోతున్న భార్యను లేపి మరీ చెప్పాడు.

మర్నాడు సామాన్ల షాపుకెళ్ళాడు. షాపాయన ఓపిగ్గా విన్నాడు.

"సిమెంటు పెడితే ఎండాక కుంచించుకుపోయి అంచున సందు వస్తుంది బావా. పుట్టీ అంత లోతుకు పనికిరాదు. డబ్బాలో వచ్చే నురుగు, ఫోము కొట్టు. పాలు పొంగినట్టు పొంగి మూలమూలకీ పోతుంది. గంటలో రాయి."

"కిటికీ సందులకో?"

"సిలికాన్ జిగురు. తలుపు కింద రబ్బరు పట్టీ. అది సరే — గదిలో ఏమేం ఉన్నాయి?"

"మంచం, బీరువా."

ఇక్కడ కాస్త ఆగాలి. బావ అబద్ధం చెప్పలేదు. కన్నానికీ హీటరుకూ ఏం సంబంధమనుకున్నాడు, చెప్పలేదు. లెక్కలో ఒక్క అంకె వదిలేస్తే మిగతాదంతా సరిగ్గా చేసినా జవాబు తప్పే వస్తుంది.

మూడు రోజులు పనిచేశాడు. ఫోము పొంగింది, గట్టిపడింది, దానిమీద రంగు పడింది. కిటికీ చుట్టూ సిలికాన్, తలుపు కింద రబ్బరు. తలుపేస్తే వీధిలో కుక్క అరుపు కూడా లోపలికి రాలేదు.

ఆదివారం పిచ్చుక ఇంటికొచ్చింది.

ఆ రాత్రి గోడ నోరు మూసుకుంది. పిల్ల బడి కబుర్లన్నీ చెప్పి నాన్న చెయ్యి పట్టుకుని పడుకుంది. భార్య గోడ మీద వేలితో కొట్టి చూసి, "ఫరవాలేదే... మొదటిసారి ఒక పని పూర్తి చేశారు" అంది. బావకు అంతకన్నా బిరుదేం కావాలి?

సోమవారం ముగ్గురికీ తలనొప్పి. రంగు వాసన అనుకున్నారు.

మంగళవారం చలి పెరిగింది. హీటరు కాస్త పెంచారు. పొద్దున పిచ్చుక పాలు ముట్టలేదు. తల్లి అటు వెళ్ళేదాకా ఆగి, నాన్న చెవిలో గుసగుసగా చెప్పింది.

"నాన్నా... ఆవిడ ఇప్పుడు గోడలో లేదు."

"చూశావా? పోయింది!"

"పోలేదు... గదిలోకి వచ్చేసింది. రాత్రంతా బీరువా పక్కన నిలబడింది."

బావ వెళ్ళి బీరువా పక్కన చూశాడు; ఏమీ లేదు. భార్యకు చెప్పలేదు. చెబితే పిల్ల మళ్ళీ అమ్మమ్మగారింటికే.

బుధవారం భార్యకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. తండ్రీకూతుళ్ళిద్దరే. బావ పెందలాడే తలుపు వేశాడు... కూతురి మీద దుప్పటి కప్పాడు... హీటరు పెంచాడు...

ఎంతసేపు పడుకున్నాడో తెలియదు. మెలకువ వచ్చింది.

"ఊఁ... ఊఁ..."

ముందు కోపం వచ్చింది. అంత కష్టపడి మూస్తే మళ్ళీనా! లేవబోయాడు. కాళ్ళు లేవలేదు. తల నిండా ఇసుక పోసినట్టుంది.

బీరువా పక్కన — ఎవరో.

నల్లగా. కదలకుండా.

"పిచ్చుకా..." అన్నాడు. పిల్ల పలకలేదు. భుజం పట్టి కుదిపాడు. తల అటు వాలిపోయింది.

"ఊఁ..." ఈసారి చెవి పక్కనే. గోడలోంచి కాదు. తలుపు వైపు నుంచి.

ఆ పిలుపు వైపే పాకాడు. ఒక చేత్తో పిల్ల గౌను పట్టుకుని, నేల మీద లాక్కుంటూ... మంచం కోడు తగిలింది... నుదురు చిట్లింది... గడియ అందలేదు... అందింది...

తలుపు తెరుచుకుంది. చల్లగాలి ముఖాన కొట్టింది. వరండాలో పిల్ల మీద పడి, "ఎవరైనా రండి!" అని ఒక్క కేక పెట్టాడు.

పిచ్చుక బతికింది. రెండు రోజులు ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. కేక విని వచ్చినవాళ్ళు ఆసుపత్రికి చేసిన ఫోను అందుకున్నది వాళ్ళమ్మే — పేషెంటు తన కూతురేనని సగం విన్నాక తెలిసిందట.

శనివారం గ్యాసు మెకానిక్కు వచ్చాడు. పెద్దాయన. ముందు హీటరు విప్పి పక్కన పడేశాడు. తర్వాత పైకప్పు కింద ఉబ్బిన కొత్త రంగు మచ్చకేసి చూశాడు.

"ఆ కన్నం ఎందుకు మూశావు నాయనా?"

"ఈల వేస్తోందని, బాబాయ్."

పెద్దాయన చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "మంటకు గాలి కావాలి. కొత్త గాలి రాకపోతే మంట సరిగ్గా మండదు, విషపు గాలి వదులుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ముందు తలనొప్పి. తర్వాత మగత. లేని మనుషులు కనిపిస్తారు, లేని మోతలు వినిపిస్తాయి. ఆ తర్వాత ఇక ఏమీ వినిపించదు. పాతవాళ్ళు, ఏదో పోగొట్టుకున్నాకే కొట్టించి ఉంటారు ఈ కన్నం."

బావ తల దించుకున్నాడు. భార్య నాలుగు తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

"ఫోము కాస్త ఊడి ఈల వినిపించింది కాబట్టి సరిపోయింది, బాబాయ్. లేకపోతే..."

పెద్దాయన స్టూలెక్కాడు. వేలితో తట్టాడు. కత్తి మొన అంచున పెట్టి చూశాడు.

"ఊడలేదే" అన్నాడు. "వెంట్రుక దూరే సందు కూడా లేదు."

"మరి... నేను విన్నది?"

"చెప్పాను కదా నాయనా. ఆ విషం చెవుల్లో మోగిస్తుంది."

అవును, అంతే అయి ఉండాలి. బావ ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దాయన కత్తితో ఫోమును ముక్కలు ముక్కలుగా కోసి తీశాడు. ఆఖరి ముక్క రాలగానే బయటి గాలి ఒక్కసారి లోపలికి దూరింది.

"ఊఁ..."

తల్లి కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పిచ్చుక, తల పక్కకు వంచి, శ్రద్ధగా వింది.

"ఇది గాలి నాన్నా" అంది. "ఆవిడ కాదు."

కొంగు వదిలి వచ్చి నాన్న చెయ్యి పట్టుకుంది.

"ఆ రాత్రి ఆవిడ నన్నే ముందు లేపింది. చాలాసేపు లేపింది... నేను లేవలేకపోయా. అందుకే నీ దగ్గరికొచ్చింది."