పొయ్యి జరపమన్న రైలు

దసరా వెళ్లిన వారానికి, చిక్కడపల్లిలోని ఇంట్లో త్రివేణి పప్పుకు పోపు పెడుతుంటే హాల్లో బొమ్మరైలు మళ్లీ ఆగిపోయింది. మామగారు కిషన్ రావు ముక్కు చిట్లించి వంటింటి వైపు చూశాడు. అదిగో, మొదలైంది అనుకుంది త్రివేణి. ఆ చూపంటేనే ఆమెకు ఒళ్లంతా కంపరం.

రిటైరయ్యాక ఆయన హాల్లో పెద్ద బల్ల వేయించి, దాని మీద పట్టాలు బిగించాడు. ఇంజిన్‌కు కరెంటు ఆ పట్టాల నుంచే అందాలి. వాటి మీద కాస్త జిడ్డు పేరుకున్నా బండి మొరాయిస్తుంది. ఆ జిడ్డు కోడలి పోపు పొగదేనని తేల్చేశాడు. తలుపు మూసి వండమన్నాడు. అదీ చాలక ఇప్పుడు పొయ్యిని వెనక బాల్కనీలోకి మార్పిస్తున్నాడు. దాన్ని ఆనుకునే పాయిఖానా. ఛీ, బొమ్మ తిరగడానికి ఆ కంపులో నిలబడి అన్నం వండాలట! భర్త అనుదీప్ అంతా విని, పేపరు మడిచి ఆఫీసుకు పోయాడు. అతణ్ని తలుచుకున్నా రోత పుట్టింది.

"బాల్కనీల పొయ్యికి చెక్క అర కొట్టనీకి వడ్రంగి వస్తున్నడు. సామాన్లు జర తీసిపెట్టు" అన్నాడు మామగారు.

త్రివేణి పొయ్యి ఆర్పి, తెల్లగుడ్డతో హాల్లోకి వచ్చింది. ఆ బల్లను ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆయన వద్దంటున్నా వినకుండా వంటింటి వైపు పట్టాలు తుడిచింది. గుడ్డ తెల్లగానే ఉంది. కిటికీ దగ్గర, బండి రోజూ ఆగే మలుపులో గట్టిగా రుద్దింది. గుడ్డకు పచ్చగా, ఎర్రగా అంటింది.

"ఇది పోపు కాదు మామయ్య, పసుపు కుంకుమ. దసరానాడు ఇంజిన్‌కు, పట్టాలకు బొట్లు పెట్టింది మీరే గద. దానికి నన్ను పాయిఖానా పక్కకు పంపుతరా?"

అత్తగారు దమయంతి పూజగదిలోంచి వచ్చి గుడ్డ చూసింది. "మొత్తం తుడిచిన అన్నరు. గిదేనా తుడుసుడు?" అంది భర్తతో.

పండుగ సాయంత్రం పైపైన తుడిచిన సంగతి గుర్తొచ్చి కిషన్ రావు మొహం మాడిపోయింది. గుడ్డ అందుకుని మలుపంతా తానే శుభ్రం చేసి మీట నొక్కాడు. రైలు ఆగకుండా తిరిగింది. ఆయన దాని వైపు చూడనైనా లేదు. వడ్రంగికి ఫోన్ చేసి రావద్దన్నాడు. తాగిన గ్లాసు కూడా ఏనాడూ కడగని మనిషి, బాల్కనీలోకి వెళ్లి ఆ గుడ్డ ఉతికి ఆరేశాడు.

తిరిగొచ్చి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"జరసేపు నిలబడితేనే కడుపుల దేవుతుంది బిడ్డా. నిన్ను ఆడ వండుమన్న. తప్పయింది. తలుపు తీసిపెట్టే పోపెయ్యి."

త్రివేణి పొయ్యి వెలిగించింది. ఆవాలు చిటపటలాడుతుంటే ఏడుపు ఆగలేదు. కోపం పూర్తిగా పోలేదు, సాయంత్రం అనుదీప్ సంగతి చూడాల్సే ఉంది. అయినా తలుపు మాత్రం మూయలేదు.