గ్యాస్ ట్యాంకు దగ్గరి మేక

నరసరావుపేటలో ప్రైవేటు డిటెక్టివు యల్లమంద గుమ్మం తొక్కేవాళ్ళలో సగంమంది పెళ్ళికొడుకు అలవాట్లు ఆరా తీయమనేవాళ్ళే. అందుకే ఆ శనివారం ఉదయం బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చినప్పుడు అతను పేపరు మడిచి లేచి నిలబడ్డాడు. సహాయకురాలు భార్గవి మంచినీళ్ళు అందించింది.

"నా పేరు బషీరున్నీసా అయ్యా, మాది వినుకొండ. మా తమ్ముడు ఇలియాసు గురజాల దారిలో కోటేశ్వరరావుగారి సున్నం బట్టీలో గ్యాస్ ట్యాంకు చూసుకుంటాడు. నిన్న జుమ్మా నమాజుకి పోతా వాల్వు తెరిచి పోయాడంట. గ్యాసంతా కారిపోయింది. సాయంత్రానికి కేసు పెడతామంటన్నారు."

"ఆయన ఏమంటున్నాడమ్మా?"

"అదేనయ్యా నా భయం. నిన్నటినించి నోరు విప్పలా. వాడి మేక ఆ గ్యాసులో చచ్చిపోయింది. ట్యాంకంటే భయపడి ఆ దిక్కుకి మనిషన్నోడు పోడు. వాడు మాట్లాడుకునేది ఆ మేకతోనే."

భార్య పోయాక యల్లమందకు ఇంట్లో రేడియో వార్తలకు జవాబులు చెప్పడం అలవాటైంది. ఫీజు మాట ఎత్తకుండానే కారు తాళాలు తీసుకుని, ఇద్దరినీ వెంటబెట్టుకుని బయల్దేరాడు.

బట్టీలకు ఎడంగా, క్వారీ అంచున నిలబడి ఉంది ట్యాంకు. దాని పక్క పల్లంలో ఒక గుంజ, దానికి వదులుగా పడి ఉన్న తాడు, సగం తిన్న జొన్న చొప్ప. ఇలియాసు అక్కడే మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. యల్లమంద అతని అరచేతులు తిప్పి చూశాడు. దెబ్బ లేకుండా శుభ్రంగా ఉన్నాయి. తాడు ఎత్తి చూశాడు. గుంజ చుట్టూ గడ్డి నలగలేదు.

సున్నం ఎత్తే యోహాను రెండు అరచేతులకూ గుడ్డ పీలికలు చుట్టుకుని వచ్చాడు.

"చేతులకేమైంది?"

"సున్నం తింటదండీ. సున్నం ఎత్తేవాళ్ళ చేతులు ఎవరివి చూసినా ఇంతే."

"గ్యాస్ వాసన ఎప్పుడొచ్చింది నీకు?"

"నాకు రాలా. ట్యాంకుకి దగ్గర ఉంది నేనే, అయినా రాలా. సున్నం పీల్చీ పీల్చీ మా ముక్కులు ఎప్పుడో పోయినయ్. తెల్ల పొగ కనపడింది గానీ బట్టీ కాడ పొగ ఏం కొత్త? మేనేజరుగారు గ్యాసు, గ్యాసు అని అరిస్తే పరిగెత్తాం. ఇలియాసు నమాజు నించి వచ్చి, తన పెట్టె తాళం తీసి, అందులోని తోలు గ్లవ్స్ తొడుక్కుని వాల్వు కట్టాడు. నేను చూశా."

మేనేజరు శ్రీకాంత్ ఆఫీసు గది ట్యాంకుకు ఎదురుగా, దూరంగా ఉంది. బల్లమీద తినని క్యారేజీ ఉంది. గోడనిండా గ్యాస్ ధరల గ్రాఫులు. శ్రీకాంత్ కుడిచేయి ప్యాంటు జేబులోనే ఉంచుకుని, ఎడంచేత్తో టీ గ్లాసు అందించాడు. పెద్దమనిషికి ఎడంచేత్తో ఇవ్వడమేమిటని భార్గవికి ఒళ్ళు మండింది.

"బొగ్గు మానేసి గ్యాసుకు మారమన్నది మీరేనట గదా?"

"అవును. ప్రపంచమంతా బొగ్గు వదిలేస్తోంది, బయటి దేశాల గ్యాస్ ఎగుమతులు పెరుగుతాయి, గ్యాస్ ఓడలు మన తీరానికి వరసకడతాయి, రేటు పడుతుందని చెప్పాను. కానీ ఎక్కడో యుద్ధం వచ్చింది. ఎక్కువ ఇచ్చే దేశాలకు ఓడలు మళ్ళాయి, రేటు మండింది. మనం మాత్రం వాడినా వాడకున్నా కొనాలని ఒప్పందం."

"మరి నిన్న?"

"కుళ్ళిన కోడిగుడ్డు కంపు గుప్పుమంది. వెంటనే బయటికొచ్చి అరిచాను."

యల్లమంద టీ పూర్తిగా తాగాడు. తరువాత యజమాని కోటేశ్వరరావుతో సహా అందరినీ ట్యాంకు దగ్గరికి రమ్మన్నాడు.

"కోటేశ్వరరావుగారూ, గ్యాసుకు దానంతటదానికి వాసన ఉండదు. వంటింటి గ్యాసుకు, కారితే మనకు తెలియాలని, కంపు కలుపుతారు. ఓడలో వచ్చి, ట్యాంకరులో ఇక్కడికి చేరే ఈ గ్యాసుకు ఏమీ కలపరు. అందుకే పక్కనే ఉన్న యోహానుకు వాసన రాలేదు. పాపం, ముక్కుది తప్పనుకున్నాడు. మేక కూడా తాడు లాగలేదు, గింజుకోలేదు. మేత తింటూ తింటూ గాలాడక ఒరిగిపోయింది. వాసన వచ్చింది ఒక్కరికే, అదీ అంత దూరాన ఉన్నవారికి."

అందరూ శ్రీకాంత్ వైపు చూశారు.

"ఇంకోటి. ఆ గ్యాసు మంచుకంటే చల్లన. వాల్వు ఉత్తచేత్తో పట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. గ్లవ్స్ పెట్టెలో ఉన్నాయి, తాళంచెవి ఇలియాసు దగ్గరుంది; అతను లేనప్పుడు తెరిచినవాడు ఉత్తచేత్తోనే తెరవాలి. ఇలియాసు చేతులు శుభ్రంగా ఉన్నాయి. యోహాను చేతుల మీద పుండ్లు సున్నానివి, సున్నం ఎత్తేవాళ్ళందరికీ ఉన్నవే. మర్యాద తెలిసిన మనిషి నాకు ఎడంచేత్తో టీ ఇచ్చాడు. ఏదీ బాబూ, ఆ కుడిచేయి?"

శ్రీకాంత్ చేయి జేబులోంచి తీశాడు. అరచేతి మీద అడ్డంగా, వాల్వు పిడి అంత వెడల్పున, తెల్లటి పొక్కు ఉంది. యల్లమందను చూసి భార్గవి గర్వపడబోయింది గాని, ఆ చేయి చూశాక జాలే వేసింది.

"ప్రమాదం జరిగితే ట్యాంకు మూయిస్తారు, ఒప్పందం రద్దవుతుంది అనుకున్నా," అన్నాడు శ్రీకాంత్. "నా అంచనా తప్పని ఎవరూ అనరు. మనుషులకేమీ కాకూడదనే అరిచాను. భోజనాల దగ్గర 'ఓడలొచ్చినయ్యా సార్' అని నవ్వేవాళ్ళు. అందుకే గదిలోనే తినేవాణ్ణి. పలకరించేవాళ్ళే లేరు."

"ఒరేయ్, మిరపకాయ రేటు చూళ్ళేదంట్రా నువ్వు?" కోటేశ్వరరావు అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఒకేడు ఏడిపిస్తది, ఒకేడు నవ్విస్తది. గ్యాసూ అంతే. నేను ఓర్చుకున్నా గదా, నిన్నొక్క మాట అన్నానంట్రా? అమాయకుడి మెడకు తగిలిస్తావా?" ఎస్సైకి ఫోన్ చేయడానికి అటు తిరిగాడు.

అప్పుడు ఇలియాసు నోరు విప్పాడు.

"మీరు ఆ గదిలో ఒక్కరే తింటారని నాకు తెలుసు సార్. ఇక్కడినించి కిటికీ కనపడుద్ది. ఇటు రమ్మందామని చానాసార్లు అనుకున్నా. పెద్దోరు, ఏమనుకుంటారోనని పిలవలా."

బషీరున్నీసా తమ్ముడి భుజం మీద చేయి వేసింది. అతను వంగి, గుంజకున్న తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు.