ఆకుపచ్చ సముద్రాల పటం

"నా బ్లూ స్కెచ్ పెన్ యాడ పెట్టినావురా?"

"నేను తీసుకోలేదు."

"మరి నీ చేతికి ఆ నీలం యాడిది?"

భూపేష్ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. సోఫా మీద ఒక అట్ట ఉంది. దాని నిండా క్రికెట్ ఆటగాళ్ళు. అందరికీ నీలం జెర్సీలు వేసి, పెన్నుకు మూత పెట్టకుండా ఫ్యాను కింద పడేశాడు. పెన్ను ఎండిపోయింది.

"నా సముద్రాలకు రంగెట్లా వేయాల? నీ టీమ్ కోసం పసిఫిక్ మహాసముద్రాన్ని ఎండగొట్టినావు!"

"అయితే చిన్న సముద్రాలు గీసుకో పో."

అక్క సాహితి జడ పట్టుకు లాగడానికి వాడూ, వాడి చెవి పట్టుకు మెలిపెట్టడానికి తనూ సిద్ధమవుతుంటే అమ్మ మధులత మధ్యలోకి వచ్చింది.

"ఆకుపచ్చ పెన్ను ఉంది కదా, అదే వెయ్యి. నవ్వించే పటమే కదా నీది!"

అలా సాహితి పటంలో సముద్రాలన్నీ ఆకుపచ్చగా తయారయ్యాయి.

సాహితి కర్నూలులో ఏడో తరగతి చదువుతోంది. స్కూలు గోడపత్రిక కోసం ఏదైనా కొత్తగా చేసి తెమ్మని సోషల్ టీచర్ ప్రేమజ్యోతి చెప్పారు. అందరూ పొడుపుకథలు, సూక్తులు తెచ్చారు. సాహితి నవ్వుల ప్రపంచ పటం తెచ్చింది.

అంటార్కిటికా మీద ఇలా రాసింది: "ఎవరో ఫ్రిజ్ తలుపు వేయడం మరిచిపోయారు." సహారా ఎడారి మీద: "మన కర్నూలు మే నెల. ఇక్కడ ఏడాదంతా అదే." చిలీ మీద: "దేశం కాదు, స్కేలు. గీతలు గీసుకోవచ్చు." కువైట్ మీద: "ఇడ్లీ పాత్ర. మూత తీయవద్దు."

ఇంటర్వెల్‌లో గోడ ముందు పెద్ద గుంపు చేరింది. పి.ఇ.టి. శ్రీనివాసులు సారు కూడా వచ్చారు. అంటార్కిటికా చదివి నవ్వారు. చిలీ చదివి ఇంకా గట్టిగా నవ్వారు. కువైట్ దగ్గరికి రాగానే నవ్వు ఆగిపోయింది.

"మా తమ్ముడు ఆడ పని చేస్తాండాడు. ఇది కొంచెం ఎక్కువైంది పాపా," అంటూ వెళ్ళిపోయారు.

సాహితి క్లాసులోని ఉమామహేశ్వర కోపం ఇంకో రకం. వాళ్ళది నాపరాళ్ళకు పేరున్న బేతంచెర్ల.

"మా ఊరు ఎందుకు రాయలేదు?"

"ఇది ప్రపంచ పటం రా."

"అంటే మా ఊరు ప్రపంచంలో లేదా?"

సాహితి పటం వైపు చూసింది. హిందూ మహాసముద్రంలో ఖాళీ చోటు బోలెడు ఉంది. అక్కడ ఒక చుక్క పెట్టి, "బేతంచెర్ల: ఇక్కడ రాళ్ళు కూడా పాలిష్ చేసుకుని గానీ బయటికి రావు" అని రాసింది. ఉమామహేశ్వర పొంగిపోయి, కనబడిన ప్రతివాడినీ లాక్కొచ్చి చూపించాడు.

దాంతో అందరూ "మా ఊరు, మా ఊరు" అని ఎగబడ్డారు. సాహితి చకచకా రాసుకుంటూ పోయింది. ఆలూరు దగ్గర ఒక్క క్షణం ఆగింది. పోయిన ఏడాది ఇదే కాలంలో నాన్నతో ఒక నిశ్చితార్థానికి ఆ వైపు పల్లెకు వెళ్ళింది. వీధి పొడుగునా ఇళ్ళకు తాళాలే చూసింది. అది గుర్తొచ్చి ఇలా రాసింది:

"ఆలూరు దిక్కు: ఊరంతా తాళాలు. అందరూ కలిసి పిక్నిక్‌కు పోయినారు!"

అన్నిటికంటే దీనికే ఎక్కువ నవ్వులు వచ్చాయి. సాహితి పక్కన కూర్చునే శివజ్యోతి కూడా నవ్వింది. ఆమెది ఆలూరు దగ్గరి పల్లె. ఇక్కడ పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటోంది.

మరుసటి రోజు నుంచి శివజ్యోతి కనబడితే చాలు, పిల్లలు మొదలుపెట్టేవాళ్ళు.

"శివా, మీ అమ్మోళ్ళు పిక్నిక్ నుంచి వచ్చినారా?"

"మాకేం తెచ్చినారు?"

శివజ్యోతి మొదట నవ్వేది. తర్వాత తల వంచుకుని వెళ్ళిపోయేది. గురువారం నాటికి బ్యాగు తీసుకుని చివరి బెంచీకి మారిపోయింది.

ఆ రోజే ప్రేమజ్యోతి టీచర్ ఒక వార్త చెప్పారు. "మన సాహితి పటం జిల్లా ప్రదర్శనకు పోతాంది. శనివారం పంపించాల."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. చివరి బెంచీ నుంచి మాత్రం రాలేదు. సాహితికి ఒళ్ళు మండింది. బెల్లు కొట్టగానే నేరుగా అక్కడికి వెళ్ళింది.

"ఊరందరి మీదా రాసినా. అందరూ నవ్వినారు. నువ్వొక్కదానివే అలిగినావు. జోకు కూడా తట్టుకోలేవా?"

"జోకు బాగుండాది," అంది శివజ్యోతి. "నాక్కూడా నవ్వొచ్చింది. కానీ మా ఇంటికీ తాళమే కదా."

"మీవాళ్ళు యాడికి పోయినారు?"

"గుంటూరు దిక్కు, మిరపకాయలు కోసేదానికి. వానల్లేక పంట పోతే మా వీధంతా సుగ్గికి పోతారు."

"సుగ్గి అంటే?"

"ఊరిడిచి పోయి కూలికి కోతలు కోసేది. మళ్ళా ఉగాదికే వస్తారు." శివజ్యోతి బ్యాగు జిప్పు లాగింది, మళ్ళీ తీసింది. "మిరపకాయలకు చేతులు శానా మండుతాయి. పోయిన తూరి వచ్చినప్పుడు మా అమ్మ రెండు దినాలు నాకు జడ వెయ్యలేదు. నా కండ్లకు తగుల్తాదని. వీళ్ళేమో పిక్నిక్ ఎట్లుండాదని అడుగుతాండారు. ఏం చెప్పాల్నో తెలీలేదు. అందుకే ఈడికి వచ్చినా."

సాహితి బెంచీ అంచున కూర్చుంది. తాళాలను తనూ చూసింది. ఆ తాళాలు వేసినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారని పక్కనే ఉన్న నాన్నను ఒక్క మాట అడగలేదు.

"తప్పు రాసినా శివా," అంది చివరికి.

"స్కెచ్ పెన్ను కదా, చెరిగిపోదు," అంది శివజ్యోతి. కోపంగా కాదు, మామూలుగా.

ఆ రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నారు. అమ్మ వేడి వేడి జొన్నరొట్టెలు వేస్తోంది. నాన్న నారాయణ సెల్‌ఫోనులో పటం ఫోటో పెట్టుకుని అవ్వకు చదివి వినిపిస్తున్నాడు.

"ఈ పిక్నిక్ జోకు ఉండాదే, మా ఆఫీసులో అందరూ పడీ పడీ నవ్వినారమ్మా."

"నాన్నా, నేను ఒకటి అనుకున్నా," అంది సాహితి. "ఆ పటం పంపను."

నాన్న చేతిలో రొట్టె ఆగిపోయింది. "ఎందుకమ్మా? జిల్లాకు పోయేది!"

సాహితి జరిగినదంతా చెప్పింది. శివజ్యోతి వాళ్ళమ్మ చేతుల గురించి చెప్పినప్పుడు అవ్వ రొట్టె తుంచడం ఆపేసింది. నాన్న ఫోను తిరగేసి కింద పెట్టాడు.

"ఇంకో పటం గీస్తా. శనివారం లోపల అయితే పంపుతా. కాకపోతే లేదు. రేపు గోడ మీద పటం నేనే తీసేస్తా. పిక్నిక్ మాట నేను తెలీక రాసినానని క్లాసులో చెప్తా."

"సుగ్గి సంగతి కూడా చెప్తావా?" అని అడిగింది అమ్మ.

సాహితి ఆలోచించింది. "అది శివజ్యోతి చెప్పమంటేనే. ఆలూరు దగ్గర ఏం రాయాల్నో కూడా తనే రాస్తాది, ఇష్టమైతే. నేను మాత్రం మన కర్నూలు మీద రాస్తా. ఊరందరి మీదా రాసినా గానీ, మన మీద ఒక్కటి కూడా రాయలేదు. మన ఇల్లు కూడా పెడతా. నాన్నా, నీ మీద ఒకటి ఉంది. రాయొచ్చా?"

"చెప్పు చూద్దాం."

"ఇక్కడ ఒక నాన్న కూలర్‌కు అడ్డంగా కుర్చీ వేసుకుని, అందరికీ గాలి వస్తాందా అని అడుగుతాడు."

అవ్వ పొలమారేదాకా నవ్వింది. అమ్మ పెనం మీది రొట్టె మరిచిపోయింది. నాన్న మొహం మాత్రం కువైట్ చదివిన సారు మొహంలా అయింది.

"నేను అట్లా ఎప్పుడు కూర్చున్నా?" అన్నాడు. కాసేపటికి ఆయనకే నవ్వొచ్చింది. "సరే, రాసుకో."

"మరి నా మీద?" అన్నాడు భూపేష్ అనుమానంగా.

"నీ మీదా ఒకటి ఉంది. రాయొచ్చా?"

వాడు బాగా ఆలోచించాడు. "వద్దు."

వాడి మీది జోకు అన్నిటికంటే బాగుంది. మధ్యాహ్నం నుంచి సాహితి దాన్ని నోట్లోనే పెట్టుకుని తిరుగుతోంది. ఇప్పుడు నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"సరే, రాయను," అంది. రొట్టె ముక్కతో పాటు దాన్ని కూడా మింగేసి, గుక్కెడు నీళ్ళు తాగింది.