విప్పినవాడే బిగించాలి

"ఆ బండి విప్పాలి," అన్నాడు కళ్ళజోడు.

హాలంతా గప్‌చుప్ అయిపోయింది. గోడవారన టీ తాగుతున్నవాళ్ళు కప్పులు దించారు. నల్లటి ట్రాక్ మీద అరచేతిలో పట్టేంత రిమోట్ కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు కాబట్టి అందరూ అతనికి ఆ పేరు పెట్టేశారు. కారు కొన్నరోజే దానికి హుషారైన మోటార్ వేయించాడు. నాలుగు చిన్న సెల్స్ పీకేసి లిథియం బ్యాటరీ పెట్టాడు. తిన్నటి దారిలో అతని కారు విడిచిన బాణమే. మలుపు వస్తే మాత్రం నేరుగా వెళ్ళి గోడని పలకరించేది. అది సరే. కంపెనీ ఇచ్చిన మామూలు మోటార్‌తో నడుస్తోందని అందరూ చెప్పే ఆ ఎర్ర కారు, ఒక్క రేసులోనే తనని మళ్ళీ మళ్ళీ దాటిపోవడమేమిటి? లోపల ఏదో ఉంది. ఉండి తీరాలి.

ఎర్ర కారు రిమోట్ పట్టుకున్న అమ్మాయి అతని వైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం లేదు. అందుకే అతనికి కాస్త భయమేసింది.

"రూల్ తెలిసే అడుగుతున్నారా?"

"ఏం రూల్?"

రేసులు నడిపించే ఎలక్ట్రీషియన్ బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ ఎవరైనా ఎవరి బండైనా విప్పించొచ్చు బాబూ. కాకపోతే విప్పమన్నవాడే మళ్ళీ బిగించాలి. బండిగలవాళ్ళు వేలు కూడా పెట్టకూడదు."

"ఓస్, అంతేనా."

వెనక ఎవరో "పాపం" అన్నారు.

బాబాయి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఎర్ర కారుని విప్పాడు. కళ్ళజోడు ముందుకు వంగాడు. లోపల మామూలు మోటార్. మామూలు సెల్స్ నాలుగు. ఇంకేమీ లేదు.

కాదు, ఉంది. సెల్స్ తగిలే రేకులు అద్దంలా మెరుస్తున్నాయి. తీగలు ఎంత పొడవు కావాలో అంతే ఉన్నాయి, గింజంత ఎక్కువ లేదు. అతను ఊపిరి వదిలితే ఆ గాలికే ముందు చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. అది ఎప్పుడాగుతుందా అని చూస్తూ అతను ఊపిరి పీల్చడం మర్చిపోయాడు.

"చూసుకున్నారుగా," అంది ఆమె. "రేపటినుంచి సాయంత్రాలు రండి. స్క్రూడ్రైవర్ మీరే తెచ్చుకోండి."

మెట్ల దగ్గర బాబాయి అతన్ని పట్టుకున్నాడు. "ఎంత పని చేశావయ్యా. నెలాఖరు ఆదివారం ఆ బండికి పెద్దాయన బండితో పందెం."

పెద్దాయనంటే ఆమె నాన్న. హాలు ఆయనదే. ఒకప్పుడు ఇక్కడ నిలబడటానికి చోటుండేది కాదట. తర్వాత మోటార్ల పిచ్చి పట్టింది. ఒకడు పెద్దది వేస్తే ఇంకొకడు ఇంకా పెద్దది. ఆ వేగం అందుకోలేనివాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. హాలు పరుపుల షాపుకి ఇచ్చేద్దామని పెద్దాయన నిశ్చయించుకున్నాడు. కూతురు అడ్డం తిరిగింది. అందరికీ మామూలు మోటారే పెట్టి నేను నడుపుతాను, జనం వస్తారు అంది. మామూలు మోటార్ని చూడ్డానికి ఎవరొస్తారే అన్నాడాయన. చివరికి బేరం కుదిరింది. ఆమె కారు ఆయన కారుకంటే ముందు గీత దాటితే హాలు ఆమెది. లేకపోతే పరుపులు.

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా బాబాయ్."

"నువ్వు నోరు తెరిచేముందు నన్ను అడిగావా?"

*

ఆమె పని కట్టుడుపళ్ళ ల్యాబ్‌లో. పగలంతా మైనంతో పళ్ళు చెక్కి, సాయంత్రం హాలుకి వచ్చేది. బల్లకి అవతల కూర్చుని చేతులు కట్టుకునేది. వేలు పెట్టకూడదన్నారు కానీ నోరు పెట్టకూడదని ఎవరూ అనలేదు.

"అంత గట్టిగా బిగించకండి. అది స్క్రూ, పగవాడి పీక కాదు."

"కళ్ళజోళ్ళకి రోజూ ఇంతకంటే చిన్నవి బిగిస్తానండీ."

"కళ్ళజోడు మలుపు తిరగదు."

మోటార్ మీది చిన్న పళ్ళచక్రానికీ, ఇరుసు మీది పెద్ద చక్రానికీ మధ్య ఎంత సందుండాలో అతనికి అంతుపట్టలేదు. దగ్గరైతే పట్టేస్తోంది, దూరమైతే గోల చేస్తోంది.

"సిగరెట్ కాగితమంత పల్చటి కాగితం ముక్క రెంటి మధ్యా పెట్టి బిగించండి. తర్వాత కాగితం లాగేయండి. ఆ ఖాళీ చాలు."

లాగాడు. చక్రం తిప్పితే చప్పుడే లేదు. అతను తలెత్తి ఆమెని చూశాడు. ఆమె కిటికీ బయట వానని చూస్తున్నట్టు నటించింది.

"మామూలు మోటార్ అంత వేగం ఎలా వెళ్తోందండీ?"

ఆమె లేచి గ్లాసులో నీళ్ళు తెచ్చింది. సంచిలోంచి బొటనవేలంత కొత్త మోటార్ తీసింది. "ఇది నా బండిది కాదు, ముట్టుకోవచ్చు," అని రెండు తీగలు తగిలించి నీళ్ళలో ముంచేసింది.

"అయ్యో, పాడైపోతుంది."

"చూడు."

మొదటిసారి నువ్వు అంది. అతను అది గమనించేలోపే ఆమె తీగల రెండో కొసల్ని ఒక్క సెల్‌కి తాకించింది. నీళ్ళలో మోటార్ మెల్లగా తిరిగింది. కాసేపటికి దాని నడుములోంచి నల్లటి దారం ఒకటి బయటికొచ్చింది. మెలికలు తిరుగుతూ పైకి లేచి మబ్బులా విచ్చుకుంది.

"లోపల రెండు బొగ్గు ముక్కలుంటాయి. తిరిగే ఇరుసుకి కరెంటు అందించేవి అవే. కొత్తప్పుడు వాటికి ఇరుసు ఒంపు తెలీదు. అంచు మాత్రమే తగులుతుంది. పొగరుగా కరెంటిస్తే నిప్పురవ్వలు, అంతే. ఇలా చల్లగా, మెల్లగా తిప్పితే అరిగి ఆ ఒంపుకి ఒదుగుతాయి. తర్వాత ఆరబెట్టి చుక్క నూనె వేస్తే, ఉన్న బలమంతా ఇస్తాయి."

కళ్ళజోడు గ్లాసు దగ్గరికి వంగి చూశాడు. ఆ కాస్త గ్లాసులో ఆకాశం పట్టినట్టుంది. ఇంత చిన్న వస్తువుకి ఇంత మర్యాద చేసే మనిషిని అతను ఎక్కడా చూడలేదు. తన కారులో పడేసిన పెద్ద మోటార్ గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఏంటలా చూస్తున్నావు?"

"మోటార్‌నండీ."

"మోటార్ గ్లాసులో ఉంది."

*

అంతా సజావుగా సాగితే అది అతని జాతకం ఎందుకవుతుంది? బిగింపు చివరికొచ్చిన రోజు, ఎవరిదో పళ్ళసెట్టు విరిగిందని ల్యాబ్ నుంచి ఫోనొచ్చి ఆమె వెళ్ళింది. మోటార్‌కి తీగలు అతికించడం ఒక్కటే మిగిలింది. లోహపు ఫ్రేములు రోజూ అతికించే చెయ్యి కదా, ఆ అలవాటున వేడి కడ్డీని కాస్త ఎక్కువసేపు ఆనించాడు. ఫ్రేమ్ అయితే తట్టుకునేది. మోటార్ వెనక మూత ప్లాస్టిక్. మెత్తబడింది. బొగ్గు ముక్క ఒకటి పక్కకి ఒరిగింది. సెల్ తగిలిస్తే మోటార్ దగ్గింది.

ఆదివారం ముంచుకొస్తోంది.

తన కారులోని మోటార్‌కి బలమే ఎక్కువ, కొలత మాత్రం ఇంతే. పై తొడుగు మార్చి అందులో పెడితే బయటికి ఎవరికీ తెలీదు. ఆమె గెలుస్తుంది కూడా. ఆ ఆలోచన వచ్చినంత వేగంగానే పోయింది. అలా గెలిస్తే హాలు దక్కుతుంది కానీ, ఆమె మాట ఓడిపోతుంది.

బాబాయికి సంగతి చెప్పి, ఆయన దగ్గర అదే రకం మామూలు మోటార్లు అరడజను కొన్నాడు. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు బల్ల మీద నీళ్ళ గ్లాసు పెట్టి ఒక్కొక్కటే ముంచాడు. కంటిచూపు పరీక్షకి వచ్చినాయన చూసి, "అది మందా?" అని అడిగాడు. కళ్ళజోడు వాటిని ఆరబెట్టి, నూనె వేసి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒకటి గరగరలాడింది. ఒకటి ఈల వేసింది. ఒక్కటి మాత్రం ఎర్ర కారులా సన్నగా, నిబ్బరంగా పాడింది. దాన్నే బిగించాడు. కడ్డీ ఇలా తాకించి అలా తీసేశాడు.

శనివారం ఆమె కారుని ట్రాక్ మీద తిప్పి చూసింది. "బాగుంది," అంది. ఇంకేమీ అనలేదు. అతనూ చెప్పలేకపోయాడు.

*

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఎన్నాళ్ళుగానో రానివాళ్ళూ వచ్చారు. పెద్దాయన కారులో బొగ్గు ముక్కలే అక్కర్లేని బ్రష్‌లెస్ మోటార్, లిథియం బ్యాటరీ. అది పరిగెడితే కంటికి గీత మాత్రమే కనిపిస్తుంది.

ఆమె సెల్స్ మారుస్తోంది. కళ్ళజోడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఒక మాట చెప్పాలి. నీ మోటార్ కాల్చేశాను. అందులో ఉన్నది నీది కాదు. మామూలుదే, నేనే నీళ్ళలో తిప్పాను. ఇప్పుడైనా వద్దంటే..."

"తెలుసు," అంది ఆమె తల ఎత్తకుండా.

"తెలుసా?"

"నా బండి గొంతు నాకు తెలీదా? కాస్త జలుబు చేసినట్టుంది. అంతే."

"మరి నిన్న ఏమీ అనలేదు."

"నువ్వంటావేమోనని చూశాను."

"నేను అనకపోయుంటే?"

"ఈ బండితోనే నడిపేదాన్ని. నీతో మాత్రం ఈ జన్మకి మాట్లాడేదాన్ని కాదు." మూత పెట్టి లేచింది. "పక్కకి జరుగు, నాన్న పిలుస్తున్నాడు."

బాబాయి చెయ్యి దించాడు. పది నిమిషాలయ్యాక ఎవరు ముందు గీత దాటితే వాళ్ళదే పందెం.

తిన్నటి దారిలో పెద్దాయన కారు మెరుపులా ముందుకుపోయింది. మలుపులో ఎర్ర కారు మళ్ళీ వెనకే ఉంది. ఆయన దూరం పెంచేవాడు, ఆమె మలుపుల్లో కరిగించేది. గోడకి తగల్లేదు, తొందరపడలేదు. ఆయన కొంచెం మెల్లగా పోదామంటే ఆమె కారు ముక్కు ఆయన కారు తోకకి ఆనుకుని ఉండేది. ఊపిరి తీసుకోనివ్వలేదు. ఆయన ప్రతి చుట్టూ పూర్తి బలంతో పరిగెత్తాల్సి వచ్చింది.

జనం అరవడం మానేశారు. హాల్లో రెండు మోటార్ల పాట తప్ప ఏమీ లేదు. కళ్ళజోడు ఆ సన్నటి గొంతునే వింటున్నాడు. మొన్నటిదాకా గ్లాసులో నల్లదారం వదిలిన బొటనవేలంత వస్తువు అది. ఇప్పుడు ఒక మనిషి బతుకంతా లాక్కుని పరిగెడుతోంది.

చివరి చుట్టు. తిన్నటి దారి మధ్యలో పెద్దాయన కారు ఒక్కసారిగా నీరసించింది. పూర్తిగా ఖాళీ అయితే బ్యాటరీ చెడిపోతుందని, దాని కాపలా సర్క్యూట్ కరెంటు కోసేసింది. కారు జారుతూనే గీత వైపు వచ్చింది. ఇంకొక్క జానెడు. ఎర్ర కారు దాని పక్కనుంచి, వేగం పెంచకుండా, తగ్గించకుండా గీత దాటింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మరిచిపోయారు.

పెద్దాయన నడిచొచ్చి రెండు కార్లూ చేతుల్లోకి తీసుకున్నాడు. తన మోటార్ తాకి చురుక్కుమని వేలు వెనక్కి తీశాడు. ఎర్ర కారు మోటార్ మీద వేలుంచి అలాగే నిలబడ్డాడు.

"గోరువెచ్చగా ఉందంతే," అన్నాడు నమ్మలేనట్టు. "ఇంత తరిమి." బాబాయికి అందించాడు. చేతులు మారుతూ ఆ కారు హాలంతా తిరిగింది. ఒక్కొక్కరూ వేలు పెట్టి చూసి, పక్కవాళ్ళ మొహం చూశారు.

"నువ్వేనా ఈ మోటార్ని దారిలో పెట్టింది?" పెద్దాయన కళ్ళజోడు వైపు తిరిగాడు.

"నేనేనండీ."

"అరడజనులో దీన్నే ఏరావట, బాబాయి చెప్పాడు. ఎలా?"

"దీని గొంతు కలిసిందండీ. రోజూ వింటున్నాను కదా."

"బండినా, మా అమ్మాయినా?"

కళ్ళజోడుకి చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచాడు.

"నాన్నా, నువ్వెళ్ళి పరుపులాయనకి ఫోన్ చెయ్యి," అంది ఆమె.

"చేస్తానే. ముందు ఇది తేలనీ. చెవులున్న అల్లుడు ఎంతమందికి దొరుకుతాడు?"

"నేను ఇంకా అడగలేదు. నువ్వు నన్ను దాటేయకు."

పెద్దాయన నవ్వుతూ ఫోన్ తీసుకుని మెట్ల వైపు నడిచాడు. ఆమె ఎర్ర కారుని తెచ్చి ట్రాక్ మీద దింపింది.

"రేపటినుంచి ఈ హాలు నాది. రోజూ సాయంత్రం ఇక్కడే ఉంటాను. నువ్వు?"

"ఇక్కడే."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు పొమ్మనేదాకా."

"నేను అననే. మరెలా?"

ఆమె రిమోట్ తీసి అతని చేతిలో పెట్టింది. దాని పిడి ఇంకా ఆమె అరచేతి వెచ్చదనంతో ఉంది.

"మెల్లగా," అంది. "మొదటి మలుపు కాస్త మోసం."

అతను బొటనవేలితో మెల్లగా నొక్కాడు. కారు కదిలింది.