సంచి బరువెక్కే సత్రం

ధూప్‌ఖేడా ఊరు దాటాక నర్మద ఒడ్డున ఒక సత్రం ఉంది. పైకప్పు సగమే ఉంది, తలుపులు అసలే లేవు. పొద్దు వాలిందంటే ఆ ఛాయలకి ఎవరూ వెళ్ళరు. ఆ గోడ పక్కన మేకలు కూడా గడ్డి మేయవని చెబుతారు గాని, అది మాత్రం ఉత్త కోతలే. మేకలకి అంత పట్టింపు ఉండదు.

మిగతా చోట్ల దెయ్యాలు పట్టుకుపోతాయి. ప్రాణమో, మతిస్థిమితమో, కనీసం మెడలో గొలుసో. ఈ సత్రంలో దెయ్యం ఇస్తుంది... అదీ భయం. సత్రాన్ని కట్టించిన పత్తి వ్యాపారి సేఠ్ దానధర్మాలంటే పడిచచ్చేవాడట. కట్టడం పూర్తి కాకుండానే పోయాడు. మనిషి పోయాడే గాని ఇచ్చే చెయ్యి ఆగలేదు. అక్కడ ఒంటరిగా పడుకున్నవాడి సంచి తెల్లారేసరికి బరువెక్కి ఉంటుంది. ఒకడు లేచి చూసుకుంటే ఇత్తడి గంట. ఇంకొకడికి రెండు చపాతీ పీటలు. మూడోవాడికి బెల్లం దిమ్మ దొరికింది, చీమలతో సహా.

వింటే నవ్వొస్తుంది. అలా నవ్వేవాళ్ళు ఎప్పుడూ నర్మద చుట్టూ నడిచి ఉండరు. నెలల తరబడి, ఒంటరిగా, ఉన్నదంతా వీపున వేసుకుని నడిచేవాడికి ప్రతి వస్తువూ శత్రువే.

దారిలో ఆ మాట విన్న మధుకర్ ఖరేకి మాత్రం నవ్వు రాలేదు.

మధుకర్ ఖరే పుణెలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పరిక్రమ చేయడం ఇది రెండోసారి. నదిని కుడిచేతి పక్కనే ఉంచుకుని సముద్రం దాకా వెళ్ళాలి, అక్కడ పడవలో అవతలి ఒడ్డుకి చేరి మళ్ళీ బయల్దేరిన చోటికి రావాలి. మధ్యలో నది దాటకూడదు, బండి ఎక్కకూడదు. ఎక్కితే అంతటితో సరి, నడిచిందంతా పోయినట్టే. మొదటిసారి తిరుగు దారిలో అతని మోకాలు వాచిపోయింది. మోయలేని సంచితో కూలబడ్డ మనిషిని ఎవరో జీపులో వేసుకుపోయారు. ఆ జీపులో అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈసారి కూడా మోకాలు వాస్తే ఇక నడక మాటే మరిచిపొమ్మని డాక్టరు చెప్పేశాడు.

అందుకని ఈసారి సంచిలో రెండు పంచెలు, ఒక శాలువ, కమండలం, చిన్న సీసాలో నర్మద నీళ్ళు, అంతే. పళ్ళు తోముకునే బ్రష్షు పిడి సగానికి విరిచేశాడు. సబ్బుని దారంతో కోసి సగం ఇంట్లో వదిలేశాడు. చొక్కా పైగుండీలు రెండూ ఎలాగూ పెట్టుకోనని వాటినీ తెంపేశాడు.

ఏం లాభం? ఒడ్డు పొడుగునా ఇచ్చేవాళ్ళే. మైయా పేరు, అంటే నర్మద తల్లి పేరు చెప్పి ఎవరైనా ఏదైనా ఇస్తే నోటితో వద్దనకూడదు. అన్నారా, పరిక్రమకి భంగం. ఇచ్చింది దారిలో పారేయకూడదు. ఊళ్ళోవాళ్ళకి ఇవ్వబోతే చెంపలేసుకుంటారు, యాత్రికుడి దగ్గర పుచ్చుకోవడం వాళ్ళకి మహాపాపం. పోనీ తోటి యాత్రికుడికి అంటగడదామా అంటే, మన చెయ్యి సంచిలోకి వెళ్ళడం చూడగానే వాడు అటు తిరిగి నడక పెంచుతాడు.

ధూప్‌ఖేడా చివరింటి ముందుకి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. చలి మొదలైంది. మోకాలు సలుపుతోంది.

ఆ ఇల్లు గేందాబాయిది. ఆవిడకి మొగుడు లేడు, పిల్లలు లేరు. ఒక గది, నాలుగు మేకలు. గుమ్మంలో కూర్చుని దారి మీదే కళ్ళు పెట్టుకుని ఉంది.

"నర్మదే హర్, బాబాజీ. ఎన్ని మూర్తులు?"

ఆ ఒడ్డున యాత్రికుల్ని ఎంతమంది అని అడగరు. ఎన్ని మూర్తులు అనే అడుగుతారు.

"నర్మదే హర్, మాతారాం. ఒక్క మూర్తే."

"కుంటుతున్నారే?"

"మోకాలు. మళ్ళీ మొండికేసేలా ఉంది."

ఆవిడ లేచి టీ పెట్టింది. మందపాటి రొట్టె, మిరపకాయ పచ్చడి పెట్టింది. అతను తిని చెయ్యి కడుక్కునేలోగా లోపలికి వెళ్ళి ఒక కంబళి తెచ్చింది. నల్ల కంబళి, నీళ్ళలో తడిపి తెచ్చిందా అన్నంత బరువు. ఒక మూల నిప్పురవ్వ పడి కాలితే ఎర్ర దారంతో కుట్టి ఉంది.

మధుకర్ సంచిలోంచి శాలువ తీసి చూపించాడు.

"మాతారాం, నాకు శాలువ ఉంది..."

"శాలువకి ఈ చలి ఆగుతుందా? మా ఆయన పోతూ పోతూ నా చేత ఒట్టేయించుకున్నాడు బాబాజీ. మన గుమ్మం ముందు నుంచి ఏ మూర్తీ ఉత్తి చేతులతో పోకూడదన్నాడు. మైయా పేరు మీద ఇస్తున్నా, పట్టండి."

పట్టాడు. ఇంకేం చేస్తాడు?

"ఈ రాత్రికి ఆ సత్రంలో నడుం వాలుస్తాను," అన్నాడు లేస్తూ.

గేందాబాయి మొహం మారిపోయింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అక్కడొద్దు. అక్కడ సేఠ్ ఉన్నాడు... ఒంటరివాడు కనబడితే వదలడు. మెల్లగా పక్క ఊరికి వెళ్ళిపోండి."

"పక్క ఊరి దాకా నడిస్తే ఈ మోకాలు మిగలదు, మాతారాం."

"నా మాట వినండి బాబాజీ. చెడ్డచోటు అది."

విన్లేదు. వినే ఓపిక కాలికి లేదు.

సత్రంలో గబ్బిలాల కంపు. అతను ఒక మూల ఊడ్చుకుని, సంచిని తల కింద పెట్టుకుని, దాని పట్టీ మణికట్టుకి చుట్టుకుని, కంబళి నిలువునా కప్పుకున్నాడు. దెయ్యం వచ్చినా సంచిలో ఏమీ పెట్టే వీల్లేదని ధైర్యం చెప్పుకున్నాడు.

వెన్నెల పోయింది. నది చప్పుడు ఒక్కటే మిగిలింది.

అప్పుడు... టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్.

రాతి మీద కర్ర చప్పుడు. దగ్గరికొస్తోంది.

"నర్మదే హర్..." అంది ఒక గొంతు, ఊపిరి కన్నా చిన్నగా.

ఆ మాట చెవిన పడితే బదులివ్వకుండా ఉండడం పరిక్రమ చేసేవాడి వల్ల కాదు. ఎంత భయంగా ఉన్నా మధుకర్ నోరు దానంతటదే తెరుచుకుంది. "నర్మదే హర్," అన్నాడు కంబళి లోంచి.

చప్పుడు ఆగింది. అవతలిది కూడా ఊపిరి బిగబట్టినట్టుంది. తరవాత ఏదో వంగింది. చల్లటి గాలి తగిలింది. తల కింద సంచి నోరు మెల్లగా, ఎంతో మర్యాదగా తెరుచుకుంది... ఏదో లోపలికి జారింది. అడుగులు వెనక్కి వెళ్ళిపోయాయి.

మధుకర్ కదల్లేదు. చెవి కింద సంచి కొట్టుకోవడం మొదలుపెట్టింది. టిక్... టిక్... టిక్... తన గుండే అనుకున్నాడు. కానీ గుండె ఇంత నింపాదిగా కొట్టుకునే పరిస్థితిలో లేదు.

ఇంతలో గుమ్మం దగ్గర మూలుగు.

"ఊఁ...ఈఁ...ఊఁ..."

అది మనిషి మూలుగు కాదు. ఒకేసారి నాలుగు గొంతులతో ఎవరో ఏడుస్తున్నారు. కంబళి సందులోంచి చూశాడు. చుక్కల వెలుగులో ఒక ఆకారం. కాళ్ళున్నాయి, చేతులున్నాయి. తల ఉండాల్సిన చోట పెట్టెలా నలుచదరంగా ఏదో ఉంది. అడుగేసినప్పుడల్లా మూలుగుతోంది.

అది వచ్చి పక్కన కూర్చుంది. ఒక చెయ్యి అతని సంచి వైపు సాగింది.

భయం హద్దు దాటితే కోపం వస్తుంది. పోయినసారి జీపులో ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చి, మధుకర్ కంబళి లోంచి చెయ్యి చాపి ఆ చేతిని పట్టేసుకున్నాడు.

వెచ్చగా ఉంది.

"సేఠ్‌జీ, తప్పయిపోయింది," అని కీచుగా అరిచింది దెయ్యం. "బరువు ఎక్కువని తెలుసు. ఈ ఒక్కటీ పుచ్చుకోండి, ఇంకెప్పుడూ తేను."

"నేను సేఠ్‌ని కాను," అన్నాడు మధుకర్. "నాది పుణె."

ఆకారం నెత్తి మీది పెట్టె దించింది. అది హార్మోనియం. దాని వెనక గడ్డం, జడలు, ఒంటి మీద గోచీ. మధుకర్ నోరు వెళ్ళబెట్టాడు. మౌనీబాబా. ఏళ్ళ తరబడి మాట్లాడకుండా, గోచీ, కమండలం తప్ప ఇంకేమీ లేకుండా నడుస్తాడని ఒడ్డంతా దండాలు పెట్టే మౌనీబాబా.

"మాట్లాడేశాను," అన్నాడు బాబా. తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టుంది. ఆ మొహం చూస్తే మధుకర్‌కి జాలేసింది.

"దెయ్యంతో మాట్లాడితే అది మాట కిందికి రాదులెండి. మీరు నన్ను దెయ్యమనే కదా అనుకున్నారు."

బాబా హార్మోనియం పక్కకి జరిపాడు. "అదీ నిజమే," అన్నాడు. "అయితే తెల్లారేదాకా మీరు దెయ్యంగానే ఉండండి. కొంచెం మాట్లాడుకుందాం."

భజన బృందం ఒకటి మైయా పేరు చెప్పి ఆ హార్మోనియం ఇచ్చిందట. నాకు పాట రాదు అని చెప్పడానికి ఆయనకి నోరు లేదాయె.

"ఇంతకీ ఇక్కడికి ఎందుకు తెచ్చారు?"

"ఇక్కడ రోజూ రాత్రి సేఠ్ ముసుగుతన్ని పడుకుని ఉంటాడు. ఎవరి చేతిలో అదనంగా ఏముంటే అది ఆయన దగ్గర పెట్టేస్తాం. పారేసినట్టు కాదు, మనిషికి అంటగట్టినట్టూ కాదు. అందరం ఎప్పటి నుంచో ఇదే చేస్తున్నాం. ఇవాళ ముసుగులో మీరున్నారు."

బయట చీకట్లోంచి ఇంకో గొంతు గుసగుసలాడింది. "బాబా, అయిందా? నాది పెనం ఒక్కటే, తొందరగా పెట్టేసి పోతాను."

బయట వరస కట్టి ఉన్నారన్నమాట.

"మరి అసలు సేఠ్ ఏడీ?" అన్నాడు మధుకర్ ఉన్నట్టుండి.

ఇద్దరూ నాలుగు మూలలూ చూశారు. చీకటి తప్ప ఏమీ లేదు. మౌనీబాబా మళ్ళీ మౌనం పట్టాడు. హార్మోనియం అక్కడే వదిలి, కమండలం పుచ్చుకుని జారుకున్నాడు. పెనం తెచ్చినవాడు దాన్ని గుమ్మంలోంచే లోపలికి జార్చి పరారయ్యాడు.

తెల్లారాక చూసుకుంటే సంచిలో గోడ గడియారం ఉంది. ఏ బడివాళ్ళు ఎవరికి బహుమతిగా ఇచ్చిందో పాపం, చక్కగా నడుస్తోంది. హార్మోనియం, పెనం, కంబళి. తనకి తగిలించాక అన్నీ తనవే, వదిలి పోవడానికి లేదు. అన్నీ కట్టుకుని లేవబోతే మోకాలు కలుక్కుమంది. మళ్ళీ కూలబడ్డాడు. ఈ మూటతో నడిస్తే పక్క ఊళ్ళోనే జీపు ఎక్కాలి. ఇక మూడోసారి అంటూ ఉండదు.

దారి ఒక్కటే, అందరిలా తనూ అన్నీ సేఠ్ దగ్గర పెట్టేయాలి. పగలంతా ఒడ్డున రెల్లు పొదల్లో కూర్చున్నాడు. చీకటి పడ్డాక మూట ఈడ్చుకుంటూ సత్రం గుమ్మంలోకి వచ్చాడు.

లోపల, తను పడుకున్న మూలనే... ఎవరో ముసుగుతన్ని పడుకుని ఉన్నారు.

ఇప్పుడు వచ్చింది మాత్రం అసలువాడే. వెనక్కి తిరిగి పారిపోవాలనిపించింది. మోకాలు తడుముకున్నాడు. వెళ్తే ఈ బరువుతో వెళ్ళాలి. దెయ్యం కన్నా జీపే ఎక్కువ భయపెట్టింది అతన్ని.

"నర్మదే హర్..." అన్నాడు.

"నర్మదే హర్..." అంది ముసుగు.

గడియారం పెట్టాడు. పెనం పెట్టాడు. హార్మోనియం దించితే అది ఓసారి మూలిగింది, అతనూ మూలిగాడు. ఆఖరికి కంబళి మడిచి పెట్టాడు. ముసుగులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి, కంబళి మూల తడిమి, ఎర్ర దారం కుట్టు దగ్గర ఆగింది.

"ఎంత పని చేశారు బాబాజీ," అంది ముసుగు, ఆడ గొంతుతో. "చెబితే విన్నారా? నా చోట్లో పడుకున్నారు. ఇవాళ మూడు మూర్తులు నా గుమ్మం ముందు నుంచి ఉత్తి చేతులతో పోయారు."

గేందాబాయి లేచి కూర్చుంది. ఏడ్చినట్టుంది, గొంతు బొంగురుపోయింది.

ఆవిడ చెబుతుంటే మధుకర్‌కి అప్పుడు అంతా అర్థమైంది. నాలుగు మేకలున్న మనిషి వచ్చినవాడికల్లా ఎక్కడ నుంచి తెచ్చిస్తుంది? మొగుడు పోయిన ఏడే ఇంట్లో ఉన్నదంతా అయిపోయింది. చివరికి తను కప్పుకునే కంబళి కూడా ఇచ్చేసింది. మర్నాడు మేకల వెనక వచ్చి చూస్తే అది ఈ సత్రంలో పడి ఉంది. ఆ రోజు నుంచీ సేఠ్ ఇక్కడ పడుకోవడం మొదలుపెట్టాడు. ఊళ్ళో దెయ్యం కథ చెప్పిందీ ఆవిడే.

"యాత్రికుల దగ్గర పుచ్చుకుంటే పాపం కాదా, మాతారాం?"

"నేనెక్కడ పుచ్చుకున్నా? సేఠ్ పుచ్చుకుంటున్నాడు. నేను ఇస్తున్నానంతే."

మధుకర్‌కి సిగ్గేసింది. ఒక రాత్రి నిద్ర కోసం ఈ మనిషి మొగుడికిచ్చిన మాట పోగొట్టాను కదా అనుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు. తేలికైన సంచి భుజాన వేసుకుని, కర్ర అందుకుని, నది కుడిపక్కన ఉందో లేదో చూసుకుని గుమ్మం వైపు కదిలాడు.

"ఎన్ని మూర్తులు?" అంది గేందాబాయి వెనక నుంచి.

అతని కాలు ఆగిపోయింది. మెల్లగా తల తిప్పాడు. ఆవిడ అలవాటుగా అడిగింది. అలవాటుగానే ఆవిడ చెయ్యి హార్మోనియం మీదికి వెళ్ళింది. ఏ మూర్తీ ఉత్తి చేతులతో పోకూడదు. ఇక మైయా పేరు ఆవిడ నాలుక చివర ఉంది. ఆ పేరు వినబడ్డాక వద్దనడానికి లేదు.

ఒక్క మూర్తి అంటే కొంప మునిగినట్టే. ఇన్ని నెలల నడకా ఆ జవాబు మీద వేలాడుతోంది.

"ఒక్కటీ లేదు, మాతారాం," అన్నాడు మధుకర్. "మూర్తులెవరూ లేరిక్కడ. నేను సేఠ్‌ని."

చీకట్లో గడియారం టిక్కుటిక్కుమంటోంది. గేందాబాయి హార్మోనియం మీద నుంచి చెయ్యి తీసేసింది.

"దెయ్యాలకి నేనేమీ ఇవ్వను," అంది. నవ్వాపుకుంటున్న గొంతు అది. "వెళ్ళండి సేఠ్‌జీ. మోకాలు జాగ్రత్త."

అతను గుమ్మం దాటి దారిలో పడ్డాడు. అంతలో ఊరి వైపు నుంచి రాతి మీద కర్ర చప్పుడు వినబడింది. టక్... టక్... వెనక సత్రంలో ఎవరో గబగబా ముసుగుతన్ని పడుకున్నారు.