రక్తదర్శినికి చెప్పని జవాబు

చంద్రుడి మీద కాలనీలు కట్టి నలభై ఏళ్లయినా, భూమి నుంచి వచ్చినవారిని మూడు రోజులు అద్దాల గదిలో ఉంచే పద్ధతి మారలేదు. ఆ గదిలో డాక్టరుండడు. మణికట్టుకి తొడిగే రక్తదర్శిని ఉంటుంది. చర్మం పైనుంచే నెత్తురు చదివి, ఏ బ్యాక్టీరియా ఏ విషం వదిలిందో నిమిషంలో చెబుతుంది. మందూ తానే ఎక్కిస్తుంది.

అద్దానికి ఇవతల వరహాలు నిలబడింది. ఆమె కాలనీ వంటశాలలో పనికొచ్చి మూడేళ్లు. ఇప్పుడు ఆ గదిలో ఉన్న కూతురు హిమజని ముట్టుకుని కూడా మూడేళ్లే. రేపు తలుపు తీస్తారు.

"మొకం అలా కమిలిపోనాదేటే?" అంది స్పీకర్లో.

"ఎండ తగిలిందమ్మా."

"గదిలో ఎండేటే!"

"నీకన్నీ బయ్యాలే. మొన్న తుమ్మితే నిమోనియా అన్నావు."

నవ్వబోయి హిమజ వాంతి చేసుకుంది. లేవబోయి గోడ పట్టుకుంది.

రక్తదర్శిని పలికింది. "జ్వరం నూట మూడు. బీపీ పడిపోతోంది. నెత్తురులో స్టాఫ్ అనే బ్యాక్టీరియా విషం ఉంది. ఇది టాక్సిక్ షాక్, ఆ విషం ఒళ్లంతా పాకి ప్రాణం మీదికొచ్చే జబ్బు. సెలైన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. కానీ విషం పుట్టే చోటు తెలియాలి, లేకపోతే మందు చాలదు. హిమజా, ఎక్కడైనా గాయముందా? ముక్కులో దూదిగానీ, నెలసరికి లోపల పెట్టుకునే టాంపాన్‌గానీ ఉందా?"

హిమజ అద్దం వైపు చూసింది. "ఏటీ నేదు."

మళ్లీ అడిగినా అదే జవాబు.

"మా పిల్ల అబద్దమాడదు. నీ మిషనే పాడైపోనాదేమో సూసుకో!" అంది వరహాలు.

ఈసారి గొంతు ఆమె చెవిలోని యంత్రంలో మాత్రమే వినిపించింది. "అమ్మగారూ, ఆ ప్రశ్న అడిగినప్పుడల్లా తన గుండె ఎగురుతోంది, చూపు మీ మీదికి పోతోంది. నాకు నెత్తురు చదవడం నేర్పారు, సిగ్గు పోగొట్టడం నేర్పలేదు. స్పీకరు ఆపి అటు తిరగండి. తొందరగా."

పిల్ల పెద్దమనిషైనప్పుడు ఫోన్లో తాను చెప్పిన మాట వరహాలుకి గుర్తొచ్చింది: ఇలాంటివి ఎవరి ముందూ నోటంట రానివ్వకు, నా ముందైనా సరే.

కూతురి గొంతు దగ్గరగా వినాలనే మూడేళ్లు గడిపింది. ఇప్పుడు ఆపేస్తే, ఇదే ఆఖరిసారి అయితే?  అయినా స్పీకరు మీట నొక్కేసింది. గోడకేసి తిరిగి నిలబడింది. వెనక ఏం జరుగుతోందో చప్పుడైనా లేదు. చచ్చిపోయిందనే అనుకుంది, రెండుసార్లు.

"దొరికింది, తీసేశాం. బీపీ నిలబడుతోంది. తిరగొచ్చు," అంది చెవిలో రక్తదర్శిని.

అద్దం అవతల హిమజ కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఏటి సెప్పిందమ్మా నీకు?" అని రక్తదర్శినిని అడిగింది వరహాలు.

"మీకు చెప్పొద్దంది."

వరహాలు మీటవైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది.

"సెప్పకులే. అది బాగా నిద్దరోయాక స్పీకరు పెట్టు. ఊపిరి యినపడితే సాలు."